మన వాళ్ళకు ఫినిషింగు లేదు

గురువారం పొద్దున వీరబ్రహ్మయ్య ఆచారి పెట్టుకున్న పని ఒక్కటే. జమ్మలమడుగు జైబున్నీసా కమ్మలకు వెనక శీలలు బిగించి, పదకొండు దాటాక ఆమె బస్సు దిగి వచ్చేసరికి చేతిలో పెట్టడం. గంట పని కూడా కాదు. ఆ తర్వాత ఇంటికి పోయి ఇంత సంగటి తిని నడుము వాల్చవచ్చు. అంత చిన్న పని ఆ రోజు ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వీధి మొత్తం చుట్టూ నిలబడి చూసినా తెమలలేదంటే, అందులో ఆయన తప్పు కొంచెమే.

ఆ కమ్మలు మామూలువి కావు. జైబున్నీసా తల్లివి, ఏడేసి ఎర్రరాళ్ళవి. ఒకదాని శీల అరిగిపోయింది, రెండోదాని శీల ఎవరి పెళ్ళిలోనో రాలిపోయింది. పదేళ్ళుగా అవి పౌడరు డబ్బాలో, దూదిలో పడి ఉన్నాయి. ఆ పదేళ్ళూ పులివెందులలో ఉండే చెల్లెలు గులాబ్‌బీ, కనబడినప్పుడల్లా "అమ్మ సొమ్ము నీ చేతికి పోయిందంటే నీళ్ళపాలే" అని దెప్పుతూనే ఉంది. ఈ సాయంత్రం గులాబ్‌బీ మనవరాలికి పేరు పెడుతున్నారు. అక్క ఆ కమ్మలు పెట్టుకుని, అవసరమైన దానికన్నా కాస్త ఎక్కువగానే తల ఆడిస్తూ, మధ్యాహ్నం బస్సుకు పులివెందుల పోవాలి. రాయి కదలకుండా, పాత బంగారం పాడుకాకుండా పని చేసే మనిషి వీరబ్రహ్మయ్య ఒక్కడేనని ఆమె నమ్మకం. ఆమెదే కాదు, వీధిలో పెద్దపెద్ద అద్దాల అంగళ్ళ వాళ్ళు కూడా కష్టమైన నగకు ఆఖరి మెరుగు ఆయన చేతనే పెట్టించుకుంటారు. నలభై రెండేళ్ళలో "ఆచారీ, ఫినిషింగు బాగలేదు" అన్నవాడు పుట్టలేదు.

అనేవాడు ఇంట్లోనే పుట్టాడేమో అని ఆయనకు ఈ మధ్య చిన్న అనుమానం. కొడుకు శరత్ చంద్ర ఆ పొద్దున కూడా అదే మాట ఎత్తాడు.

"నాయనా, ఆ శీలలు నేను బిగిస్తాలే. నీకు కన్ను ఆపరేషనై ఆరునెల్లు గూడా కాలేదు. ఇంగ ఇంటికాడ ఉండరాదా?"

"డాక్టరు చేసింది ఒక కన్నే. రెండోది దేవుడు చేసిందే ఉంది. నువ్వు ఆ గాజులు తీస్కపోయి ముద్ర ఏపించుకోని రాపో."

శరత్ చంద్ర గాజులు సంచిలో పెట్టుకుని హాల్‌మార్కు సెంటరుకు బయలుదేరాడు. తండ్రికి తెలియని సంగతి, వాడు అంత తొందరగా ఎందుకు కదిలాడన్నది. అక్కడ బల్ల మీద కూర్చుంటే రెండు గంటలు ఎవరూ పలకరించరు. పది గంటలకు మన దేశం ఫుట్‌బాల్ ఆట ఉంది, ఫోనులో చూసుకోవచ్చు.

శరత్‌కు ఆ పిచ్చి బళ్ళోనే పట్టుకుంది. పట్టించినవాడు డ్రిల్లు మాష్టరు ప్రేమానందం సారు. సారు రిటైరైనా పిచ్చి రిటైరు కాలేదు. ఆ పిచ్చి ఉన్నవాళ్ళు జిల్లా మొత్తం మీద పదకొండు మంది తేలారు. వాళ్ళకోసం శరత్ చంద్ర ఫోనులో ఒక గ్రూపు పెట్టి "మన ఆట – మన వాళ్ళు" అని పేరు పెట్టాడు. అంతకుముందే అంగడి గిరాకీల కోసం పెట్టిన గ్రూపు ఇంకొకటి ఉంది. దాని పేరు "మన అంగడి – మన వాళ్ళు". దాంట్లో రెండువందల నలభై మంది. పేర్లు పెట్టేటప్పుడు ఇంకాస్త బుర్ర ఖర్చు చేసి ఉంటే ఈ కథే లేదు.

ఆ రోజు మనకు ఎదురు ఆడేది సముద్రం మధ్యలో ఒక చిన్న దీవి. ఆ దేశమంతా కలిసి వచ్చినా ప్రొద్దుటూరులో ఒక పక్కన సర్దుకోవచ్చు. వాళ్ళ గోలు కాపలావాడు మామూలు రోజుల్లో చేపలు పడతాడని ఆట చూపిస్తూ చెప్పారు. ఆ రోజు మాత్రం అతనికి చేపలు పట్టినంత కష్టం కూడా లేదు. మనవాళ్ళు బంతిని ముద్దుగా దొర్లించుకుంటూ గోలు ముందరిదాకా పోవడం, అక్కడికి పోయాక ఆకాశంలోకో పక్కకో తన్నడం. అరగంట చూసి శరత్ చంద్ర ఇక ఆగలేకపోయాడు. ఫోను నోటి దగ్గర పెట్టుకుని మాట రికార్డు చేశాడు.

"అప్పా, మనోళ్ళ పని చూస్తాండారా? వేస్టేజీకి ఒక అద్దూ పద్దూ ఉండాల! ఫినిషింగు అనేదే లేదు. ముందరంతా ఎంత ముద్దుగా చేస్తారు, ఆఖరికొచ్చేసరికి నాశనం. పద్నాలుగు సార్లు కొట్టినారు, ఒగటి గూడా లోపలికి పోలా! ఆ ముసలాయప్పను ఇంగా ఎందుకు పెట్టుకున్నేది? పేరుందని పెట్టుకుంటే పనైతాదా? ఎదురుగా ఉన్నేది కనపడదు ఆయప్పకు. ఇంటికి పంపీల. వయసు పిల్లోళ్ళను పెట్టాల. నాకైతే కాళ్ళూ చేతులు పడిపోయినాయి."

పంపించాడు. "మన" అని కనిపించిన దానికి పంపించాడు. అది అంగడి గ్రూపు. ఆ వెంటనే ఫోను చార్జింగు అయిపోయి చచ్చిపోయింది.

మొదట విన్నది పులివెందులలో మాధురి టీచరు, ఆచారికి గొలుసు పని ఇచ్చిన గిరాకీ. బడి విరామంలో ఎదురుగా ఉన్న గులాబ్‌బీ ఉగ్గాని హోటలుకు వచ్చి, ఒక చేత్తో బజ్జీ పట్టుకుని రెండో చేత్తో ఫోను నొక్కింది. పొయ్యి దగ్గర ఉన్న గులాబ్‌బీకి కూడా వినబడింది.

"ఏంది టీచరమ్మా, అది ప్రొద్దుటూరు ఆచారి కొడుకు గొంతు గదా?"

"అవును గులాబమ్మా. పద్నాలుగు సార్లు కొట్టినారంట. నాశనమైందంట."

"ఏంది నాశనమైంది?"

"అది చెప్పలేదు. ఈమధ్య ఆయన చేతిలో ఏముందో అదే."

ఆయన చేతిలో ఏముందో గులాబ్‌బీకి తెలుసు. బజ్జీలు నూనెలోనే వదిలిపెట్టి అక్కకు ఫోను చేసింది. జైబున్నీసా అప్పటికి జమ్మలమడుగులో బస్సెక్కి సగం దూరం వచ్చింది. ఆమెకు చెవులు కొంచెం మందం. అందుకని ఫోను గట్టిగా పెట్టుకుంటుంది. బస్సు మొత్తానికి వినబడింది.

"అక్కా! అమ్మ కమ్మలు పోయినాయే! పద్నాలుగు సార్లు సుత్తితో కొట్టినాడంట ఆచారి. చేతులు పడిపోయినాయంట. కొడుకే చెప్తాండాడు!"

"ఎవరికి పడిపోయినాయే చేతులు?"

"ముసలాయప్పకే! ఇంటికి పంపిస్తాండారంట. అంగడి ఎత్తేస్తాండారేమో, బిన్నా పో!"

ఆ బస్సులో వీరబ్రహ్మయ్యకు నగలిచ్చినవాళ్ళు ఐదుగురున్నారు. ఇవ్వనివాళ్ళకు కూడా ఊరికే కూర్చోబుద్ధి కాలేదు. ప్రొద్దుటూరు పొలిమేర వచ్చేసరికి ఆచారికి పక్షవాతం వచ్చింది. బస్టాండు వచ్చేసరికి కర్నూలుకు తీసుకుపోయారు. బస్సు దిగిన పదిహేను మంది, జైబున్నీసాను ముందర పెట్టుకుని, బంగారు అంగళ్ళ వీధి వైపు నడిచారు. దోవలో ఒకాయన రెండు కొబ్బరి బోండాలు కూడా కొన్నాడు, పరామర్శకు ఉత్త చేతులతో పోవడం ఏం మర్యాద అని.

పక్షవాతం వచ్చిన మనిషి ఆ సమయానికి అంగట్లో బాసిపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఒక కమ్మకు శీల అప్పటికే బిగించేశాడు. రెండోది చేతిలోకి తీసుకుంటుండగా మాధురి టీచరు ఫోను వచ్చింది.

"మామా, మీరు పని మానుకుంటాండారంట గదా? నా గొలుసు సంగతి ఏంది మరి?"

"ఎవరన్యారు నేను మానుకుంటాండానని?"

"మీ శరత్తే గ్రూపులో చెప్పినాడు. వినలేదా?"

ఆయన విన్నాడు. ఒకసారి విని నమ్మలేదు. రెండోసారి విని గొంతు కొడుకుదేనని ఒప్పుకున్నాడు. మూడోసారి వినేసరికి పొద్దున "ఇంటికాడ ఉండరాదా" అన్న మాట దీని పక్కన సరిగ్గా వచ్చి అతుక్కుంది, టాకా వేసినట్టు. వెంటనే కొడుకుకు చేస్తే ఫోను పలకలేదు. మాట అనేసి ఫోను కట్టేసుకున్నాడన్నమాట! వీరబ్రహ్మయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తుడిచింది అద్దాలనే అని చెప్పడం మర్యాద.

సరిగ్గా అప్పుడే బస్సు మంది వచ్చి పడ్డారు. వాళ్ళ వెనకాలే ఆటోలో ఆయన భార్య రమణమ్మ దిగింది, బి.పి. మాత్రలు, దుప్పటి, అమృతాంజనం అన్నీ చంకన పెట్టుకుని.

"అయ్యో, ఏమైందయ్యా నీకు! చేతులు పడిపోయినాయంట!"

"ఎవతె చెప్పింది? ఇవిగో!" అని ఆయన రెండు చేతులూ పైకెత్తి చూపించాడు.

"చేతులు పడిపోయినోడివి ఇట్ల తిప్పుతాండావేంది మరి?" అని రమణమ్మ దుప్పటి కింద పడేసింది. భయం పోయింది కాబట్టి కోపం వచ్చింది.

జైబున్నీసా మాత్రం చెయ్యి చాచింది. "అన్నా, నా కమ్మలు నాకిచ్చేయ్. ఉన్నేవి ఉన్నెట్లే ఇయ్యి. నాశనమైనేది నాశనమైంది. నా చెల్లెలి ముందర తల యాడ పెట్టుకోవాల్నో నేను చూసుకుంటా."

"ఇయ్యను" అన్నాడు వీరబ్రహ్మయ్య.

"ఇయ్యవా!"

"బిగించే ఇస్తా. ఒకదానికి బిగించినా, చూస్కో. రెండోదానికి ఇప్పుడే బిగిస్తా. లోపల గాదు. ఈడ, నడివీధిలో, అందరి కండ్ల ముందర. నా ఫినిషింగు సంగతి నా కొడుకు చెప్పేదేంది? చూసినోళ్ళే చెప్పండి. ఆ తర్వాత నన్ను ఇంటికి పంపిస్తారో, గుడికి పంపిస్తారో మీ ఇష్టం."

అని పని బల్ల తెచ్చి అంగడి మెట్ల కింద వేశాడు. కమ్మ, శీల, దాన్ని పట్టుకునే చిమటా, ఎర్రగుడ్డ సర్దుకున్నాడు. వీధిలో ఉన్న అంగళ్ళ వాళ్ళు, వాళ్ళ గుమాస్తాలు, నగలు కొనడానికి వచ్చినవాళ్ళు, అరటిపళ్ళ బండివాడు అందరూ చుట్టూ మూగారు. నలభై రెండేళ్ళలో కొన్ని వేల శీలలు బిగించినవాడికి అది ఏపాటి పని? కానీ ఆ వేల శీలలనూ ఆయన ఒంటరిగా, దీపం కింద, రేడియో వింటూ బిగించాడు. ఎండలో, రెండువందల కళ్ళ ముందర, కొడుకు మాట చెవిలో గుయ్యిమంటుండగా ఒక్కటి కూడా బిగించలేదు.

మొదటిసారి శీల రంధ్రం అంచుకు తగిలి పక్కకు జారింది.

"అబ్బా!" అన్నారు జనం.

రెండోసారి లోపలికి పోయినట్టే పోయి వెనక్కి వచ్చింది.

"అబ్బబ్బా! కొంచెంలో పాయ!"

"ఎడంపక్కకన్నా! ఇంకొంచెం ఎడంపక్కకు!"

"తొందరపడగాకప్పా, నిదానంగా!"

ఐదోసారి శీల చిమటాలో నుంచి ఎగిరి అరటిపళ్ళ బండి కింద పడింది. నలుగురు మోకాళ్ళ మీద వెతికి తెచ్చి ఇచ్చారు. ఎనిమిదోసారికి జనంలో ఈలలు మొదలయ్యాయి. పదోసారికి బోండాలు తెచ్చినాయన ఒక బోండాం కొట్టించి తనే తాగేశాడు. వీరబ్రహ్మయ్య చెయ్యి ఇప్పుడు తెలిసేట్టు వణుకుతోంది. రమణమ్మ చూడలేక మొహం తిప్పుకుంది. జైబున్నీసా మాత్రం తిప్పుకోలేదు. తిట్టడానికి వచ్చిన మనిషి, తిట్టడం మరిచిపోయి పెదవులు కదిలిస్తూ దువా చేస్తోంది.

సరిగ్గా పదకొండోసారికి శరత్ చంద్ర వచ్చాడు. ఫోను చచ్చిపోగానే వాడు గాజులు సెంటరులో అప్పజెప్పి ప్రేమానందం సారు ఇంటికి పరిగెత్తాడు. రెండో సగం మధ్యలో అక్కడ కరెంటు పోయింది. అంగట్లో టీవీకి ఇన్వర్టరు ఉంది కదా అని గురుశిష్యులిద్దరూ బండి మీద వచ్చారు. అంగడి ముందర అంతమంది జనం, ఆ "అబ్బా"లు, ఆ ఈలలు వినేసరికి శరత్‌కు కళ్ళు చెమర్చాయి.

"సార్, మన ఊర్లో ఫుట్‌బాలుకు ఇంతమంది ఉండారా! మనకు తెలీదే!" అని జనంలోకి దూరి, వెనక నిలబడినాయన భుజం తట్టాడు. "ఏమన్నా, పడిందా?"

"యాడప్పా! పదకొండు సార్లాయ. అంచుకు తగిలి బయటికే పోతాంది."

"అంచుకా! ఎవురు ఆ పని చేసింది?"

"ఇంగెవురు? ఆ ముసలాయనే."

"ఇంగా ఆ ముసలాయన్నే పెట్టుకోనుండారా!" అని శరత్ చంద్ర గొంతెత్తాడు. "పొద్దున్నించి మొత్తుకుంటాండా, తీసేయండప్పా, ఇంటికి పంపించండప్పా అని! ఈపాటికి మార్చింటే ఎప్పుడో పడిండేది!"

జనం రెండు పక్కలకూ జరిగారు. మధ్యలో, ఎండలో, చిమటా పట్టుకుని వాడి తండ్రి కూర్చుని ఉన్నాడు.

"రా నాయనా" అన్నాడు వీరబ్రహ్మయ్య. "ఫోన్లో అన్యావు, మొగం మీద గూడా అన్యావు. ఇంగ బాకీ ఏమన్నా ఉందా?"

"నాయనా! నువ్వు రోడ్డు మీద ఏంజేస్తాండావు?"

"ఇంటికి పోతాండా. కాళ్ళు నొస్తే మధ్యలో కూర్చున్యా."

రమణమ్మ తన ఫోను శరత్ చంద్ర చెవికి ఆనించి ఆ మాట మొత్తం వినిపించింది. వింటూ ఉంటే వాడి మొహంలో రంగులు మారాయి, పుటం పెట్టిన బంగారంలాగా. ప్రేమానందం సారు పరిస్థితి అర్థం చేసుకుని చేతులెత్తాడు.

"బ్రహ్మయ్యా! వీడు చెప్పింది నీ గురించి కాదప్పా! ఫుట్‌బాలు! మన దేశం ఆట!"

"ఫుట్‌బాల్లో వేస్టేజీ యాడుంటాది సార్?" అని అడిగాడు ఎదురంగడి ఆయన, నమ్మకుండా.

"ఈ పొద్దు ఆటలో యాడ చూసినా అదే ఉంది. రాండి, చూపిస్తా."

టీవీ పెట్టారు. అంగట్లో పట్టినంతమంది లోపల, మిగతావాళ్ళు మెట్ల మీద. ఇంకా సున్నా సున్నా. మూడు నిమిషాలే ఉన్నాయి. మనవాళ్ళు బంతిని దొర్లించుకుంటూ పోయారు, ఎంతో ముద్దుగా. గోలు ముందర నెరిసిన గడ్డం ఆటగాడు ఒకడు నిలబడి ఉన్నాడు. బంతి సరిగ్గా వాడి కాలికి వచ్చింది. ఎదురుగా గోలు బావురుమంటూ ఖాళీగా ఉంది. వాడు తన్నాడు. పైనుంచి పోయింది.

"థూ!" అన్నారు జనం. "ఇట్లాంటోణ్ణి పెట్టుకుంటారా!" "నిజమే శరత్తూ, ఇంటికి పంపీల్సిందే!"

"నోర్ముయ్యండి!" అన్నాడు వీరబ్రహ్మయ్య.

ఫుట్‌బాలు అంటే ఏమిటో ఆయనకు ఆ రోజుదాకా తెలియదు. అయినా అందరినీ తోసుకుని టీవీ ముందుకు వచ్చి నిలబడ్డాడు, కమ్మలు చేతిలోనే ఉన్నాయి.

"మిగతా వాళ్ళల్లో ఆడికి పోయినోడు ఎవడన్నా ఉండాడా? వాడొక్కడే గదా పోతాండేది? పోయినోడే పోగొడతాడు. పోనోడు ఏం పోగొట్టుకుంటాడు, వాని తలకాయ! ఇంట్లో వెయ్యిసార్లు చేసుంటాడు. ఇంతమంది నోరు తెరుచుకొని చూస్తాంటే చెయ్యి వణికింది. కాలు గూడా వణుకుతాదప్పా! వణికినా మళ్ళా పోతాండాడు చూడు. యాడికీ పోడు వాడు. నేను గూడా పోను!"

జైబున్నీసా ముందుకు వచ్చి ఆయన చేతిలోని కమ్మలు, శీల తీసుకుంది.

"చూడు చెల్లెమ్మా, ఇంకొక్కసారి..."

"నువ్వు ఊరికే ఉండన్నా. ఇది కండ్లతో పెట్టేది గాదు."

మొదటి కమ్మ ఎడమ చెవికి పెట్టి తిప్పేసుకుంది. రెండోది కుడి చెవి తూటుకు ఆనించి, టీవీ వైపే చూస్తూ, వెనక నుంచి శీల పెట్టి వేళ్ళతో ఒక్క తిప్పు తిప్పింది. పెళ్ళినాటినుంచి ఆడవాళ్ళు చూడకుండా చేసే పని అది. శీల వెన్నలో దిగినట్టు దిగింది. మరలో ఎక్కడా పట్టు లేదు, గరుకు లేదు.

"దిగింది!" అని ఆమె అరిచింది.

"గోల్!" అని శరత్ చంద్ర అరిచాడు.

రెండూ ఒకేసారి. టీవీలో మనవాళ్ళు తన్నిన బంతిని బయటికి తన్నబోయి, ఆ దీవి ఆటగాడే ఒకడు తమ గోలులోకే తన్నుకున్నాడు. చేపలు పట్టేవాడు వలలో నుంచి బంతిని, పట్టిన చేపను ఎవరికో అప్పజెప్పినంత విచారంగా తీస్తున్నాడు. వీధి వీధంతా గెలిచినట్టు ఎగిరింది. జైబున్నీసా తల ఆడించి చూసుకుంది, పులివెందుల దాకా ఆగలేక.

వీరబ్రహ్మయ్య కళ్ళజోడు సవరించుకుని టీవీని, ఆమె చెవులను మార్చి మార్చి చూశాడు.

"ఓరి మీ పాసుగాల! ఈ పొద్దు ఈడా ఆడా ఫినిషింగు బయటోళ్ళకిచ్చి చేయించినారే. అదీ మజూరీ లేకుండా!"

శరత్ చంద్ర తండ్రి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "నాయనా, తప్పైంది. నేను ఇప్పుడే గ్రూపులో చెప్తా, అది నీ గురించి గాదని."

"నువ్వు చెప్పింది చాలు. ఫోను నాకియ్యి."

చార్జింగు పెట్టిన ఫోను అప్పుడే కళ్ళు తెరిచింది. వీరబ్రహ్మయ్య పైన కనబడిన "మన" మీద వేలు పెట్టి, గొంతు సవరించుకుని, వీధి చివరిదాకా వినబడేట్టు చెప్పాడు.

"ముసలాయప్ప యాడికీ పోడు. ఫినిషింగు ఐపాయ, పోయి కండ్లతో చూసుకోండి. ఆయప్ప దమ్మున్నంత కాలం ఆడ్నే కూర్చుంటాడు. ఎవురన్నా ఇంటికి పంపీలంటే, ముందర వాళ్ళు ఒకసారి వచ్చి జనం ముందర చేసి చూపించమనండి. అంతే."

అది ఫుట్‌బాల్ గ్రూపుకు పోయింది. పదకొండు మందిలో తొమ్మిదిమంది చప్పట్లు పెట్టారు. పదోవాడు మాత్రం, కూర్చునేది సబ్‌స్టిట్యూట్ల బెంచీ మీదేనా అని అడిగాడు.